ఉమ్మడి గోడను బాగుచేయించుకోవడం ఎలా: తిరుపతి పాత వీధుల ఇళ్లవారి కోసం

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ అల్లుకున్న పాత వీధుల్లో, తీర్థకట్ట వీధిలో గానీ, బేరివీధిలో గానీ, చిన్నబజారు వీధిలో గానీ, చాలా ఇళ్ల మధ్య సందు కనిపించదు. ఒకే గోడ ఇటు మీ దూలాన్నీ, అటు పక్కింటివారి దూలాన్నీ మోస్తుంది. ఆ గోడకు నెమ్ము ఎక్కినా, పెచ్చులు ఊడినా, పగులు వచ్చినా మనం సాధారణంగా చేసేది ఒక్కటే: మేస్త్రిని పిలిచి మన వైపు గార చెక్కించి, సిమెంటు పూయించి, రంగు వేయించుకుంటాము. రెండేళ్లు గడవకముందే అదే చోట మళ్లీ ఉబ్బు కనిపిస్తుంది, ఎందుకంటే అసలు కారణం మన వైపు ఉండకపోవచ్చు. మా ఇంట్లో ఇదే జరిగింది. వంటింటి గోడకు మూడుసార్లు పూత వేయించిన తర్వాత గానీ ఆ తడి పక్కింటి స్నానాల గది నుంచి వస్తోందని మాకు తెలియలేదు. పక్కింటి పెద్దాయన వచ్చి చూసి, తన గదిలో నీళ్లు పోయే మూల పగిలిందని గుర్తించి, వారంలోపే బాగుచేయించారు. మొదటిసారే ఆయన తలుపు తట్టి ఉంటే మాకు రెండు పూతల ఖర్చు మిగిలేది.

కాబట్టి ఉమ్మడి గోడ మీద సుత్తి పెట్టే ముందు దాన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి, ఆ వైపు వారితో మాట్లాడాలి. కింద చెప్పే ప్రతి దశా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

గోడ ఎవరిదో ముందుగా తేల్చుకోండి

మీ ఇంటి దస్తావేజు తీసి చెక్కుబంది, అంటే నాలుగు దిక్కుల హద్దులు రాసిన భాగాన్ని నిదానంగా చదవండి. "తూర్పు: ఫలానా వారి ఇల్లు, మధ్య ఉమ్మడి గోడ" అని ఉంటే విషయం చాలావరకు తేలినట్టే. ఆ మాట లేకపోతే పక్కింటివారి దస్తావేజులో ఏముందో వారినే అడిగి చూడండి. ఒక దాంట్లో లేని మాట రెండో దాంట్లో దొరకడం మామూలే. మీ దగ్గర అసలు కాగితం లేకపోతే, దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిసినంతవరకు రాసి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టుకోండి. పాత వీధుల్లో ఒకే ఇంటిని అన్నదమ్ములు పంచుకోవడం వల్ల ఏర్పడిన గోడలు చాలా ఉన్నాయి. అటువంటప్పుడు తరువాతి అమ్మకం దస్తావేజు కంటే మొదటి భాగపరిష్కార దస్తావేజులోనే గోడ సంగతి వివరంగా ఉంటుంది. గోడ మందం, దాని మీద ఎవరి దూలాలు ఆనుతున్నాయి, పిట్టగోడ ఎవరు కట్టారు అనేవి కొంత ఆధారం ఇస్తాయి గానీ, వాటిని మాత్రమే నమ్మి హక్కు చెప్పుకోవడం మంచిది కాదు.

మన దగ్గర ఉమ్మడి గోడల కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం లేదు. అయితే 1882 నాటి సుఖభోగ హక్కుల చట్టం, అంటే ఈజ్‌మెంట్స్ చట్టం, అప్పటి మద్రాసు రాజధానిలో మొదటి నుంచీ అమలైంది కాబట్టి మన ప్రాంతానికి అది కొత్తది కాదు. ఆ చట్టం 15వ సెక్షను ప్రకారం ఒకరి కట్టడానికి పక్కవారి స్థలం నుంచి గానీ, దాని మీది కట్టడం నుంచి గానీ 20 సంవత్సరాలు అడ్డంకి లేకుండా, శాంతియుతంగా, హక్కుగా ఊతం లభిస్తూ వస్తే, ఆ ఊతం వారికి తిరుగులేని హక్కు అవుతుంది. గోడ పూర్తిగా మీదేనని దస్తావేజు చెప్పినా, పక్కింటి దూలం తరాలుగా దాని మీద ఆనుతూ ఉంటే, "నా గోడ, నా ఇష్టం" అని విప్పేయడానికి వీలుండదని దీని అర్థం. గోడ ఎత్తు పెంచాలని, పైన అంతస్తు లేపాలని మీ ఆలోచన అయితే, పని మొదలుపెట్టకముందే సివిల్ వ్యవహారాలు చూసే న్యాయవాదికి రెండు దస్తావేజులూ చూపించండి.

పక్కింట్లో అద్దెకు ఉన్నవారు ఒప్పుకుంటే చాలదు, యజమాని ఒప్పుకోవాలి. యజమానులు బెంగుళూరులోనో చెన్నైలోనో స్థిరపడి, ఇక్కడ ఇంటిని అద్దెకిచ్చిన సందర్భాలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. అటువంటి వారికి ఫోనులో చెప్పడంతో పాటు, అందినట్టు రుజువు వచ్చే విధంగా స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, గోడ ఫోటోలను జత చేయండి. స్థలం దేవస్థానానికో మఠానికో చెందినదైతే ఆ కార్యాలయం అనుమతి కూడా తీసుకోవలసి ఉంటుంది.

కార్పొరేషన్ అనుమతి విషయానికి వస్తే, సున్నం, రంగు, పూత, అతుకు వంటి మామూలు మరమ్మతులకు సాధారణంగా అది అక్కర్లేదు. గోడను పునాది నుంచి విప్పి కట్టడం, ఎత్తు పెంచడం వంటివి వేరే సంగతి. వాటి గురించి మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ పనులు చూసే కార్యదర్శిని ముందే అడగండి.

పక్కింట్లో నిలబడి గోడను చూడండి

ఈ దశకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఇంట్లో ఆడవాళ్లు వంట ముగించి తీరిగ్గా ఉండే వేళ చెప్పి వెళ్లండి. వెంట టార్చిలైటు, కొలత టేపు, గుండుదారం, సుద్దముక్క తీసుకుపోండి. మీ వైపు గోడను, వారి వైపు గోడను తేదీ పడేలా ఫోటోలు తీసి, రెండు కుటుంబాల ఫోన్లలోనూ ఉంచండి. పని జరుగుతుండగా వారి గదిలో పగులు కనబడితే, అది పాతదా కొత్తదా అన్న వాదన రాకుండా ఈ ఫోటోలే కాపాడతాయి. ఇప్పటికే ఉన్న పగుళ్ల చివరన సుద్దతోనో పెన్సిలుతోనో గీత గీసి తేదీ వేయండి.

తడి ఎక్కడి నుంచి వస్తోందో గోడే చెబుతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తువరకు పట్టీలా తడి ఉండి, దాని పైఅంచున తెల్లగా ఉప్పు పూస్తూ ఉంటే అది పునాది నుంచి ఎక్కే నెమ్ము. పైకప్పు దగ్గర మొదలై కిందికి చారలుగా దిగితే రెండు మిద్దెలు కలిసే చోట నీరు దిగుతోంది. గోడ మధ్యలో ఒక్కచోట మాత్రమే మచ్చలా ఉంటే, అవతలి వైపు స్నానాల గదో, తొట్టో, గొట్టమో ఉందేమో చూడండి. మచ్చ ఉన్న చోట అడుగు చదరంగా ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అతికించి రెండు రోజులు వదిలిపెట్టండి; కాగితం లోపలి వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోనుంచి వస్తోంది, బయటి వైపు పడితే అది గదిలోని గాలిలో ఉన్న తేమ మాత్రమే. అవతలి స్నానాల గది మీద అనుమానం ఉంటే, వారి అనుమతితో నీళ్లు పోయే దారిని మూసి, నేల మీద రెండంగుళాల నీరు నిలబెట్టి, అందులో బట్టలకు వాడే నీలం కొద్దిగా కలిపి ఒక రోజంతా ఉంచండి. మీ వైపు మచ్చ పెద్దదైనా, నీలం రంగు తేలినా, ఇక వేరే నిరూపణ అవసరం లేదు.

పగుళ్లను చూసే పద్ధతి వేరు. వెంట్రుక మందాన ఉన్న గీతలు చాలావరకు పూతకే పరిమితమై ఉంటాయి. ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయే పగులు పునాది ఒకవైపు కుంగిందని చెబుతుంది. ఆ పగులు ఇంకా పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి, దాని మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చిన్న బిళ్ల వేసి, తేదీ రాసి, రెండు మూడు నెలలు గమనించండి. బిళ్ల పగిలితే పగులు ఇంకా కదులుతున్నట్టే. కదులుతున్న పగులును పూతతో మూయకండి. దాని కారణం పక్కనున్న సంపులోనో, పాత బావిలోనో, కాలువ గొట్టంలోనో ఉండవచ్చు, పునాదిలోకి దిగిన చెట్టు వేళ్లలోనూ ఉండవచ్చు.

గోడ పైనుంచి గుండుదారం వదిలి వాలు చూడండి. గోడ పైభాగం, దాని మందంలో మూడో వంతు కంటే ఎక్కువ పక్కకు వాలి ఉంటే, ఉదాహరణకు 9 అంగుళాల గోడ 3 అంగుళాలకు మించి ఒరిగి ఉంటే, స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసేవరకు ఆ గోడను ముట్టుకోకండి, దాని పక్కన ఎవరినీ పడుకోనివ్వకండి. పాత రాతిగోడల్లో ఇంకో ప్రమాదం ఉంది. వాటికి రెండు వైపులా రాళ్లు పేర్చి నడుమ మట్టి, చిన్న రాళ్లు నింపి కట్టేవారు. కాలక్రమేణా ఆ మట్టి కిందికి జారి, ఎలుకలు బొరియలు చేసి, రెండు పొరలూ విడిపోయి, గోడ పొట్ట పెడుతుంది. సుత్తి వెనుక భాగంతో మెల్లగా కొడుతూ పోతే డొల్ల శబ్దం వినిపించే చోట్లు తెలుస్తాయి. వాటిని సుద్దతో చుట్టి ఉంచండి.

చివరగా, మీ వైపు రెండు మూడు చోట్ల అడుగు చదరంగా గార తీయించి గోడ దేనితో కట్టారో చూడండి. రాయి, మట్టి అయితే ఒక చికిత్స, ఇటుక, సున్నం అయితే ఇంకొకటి, ఇటుక, సిమెంటు అయితే మరొకటి. ఈ సంగతి తెలియకుండా ధర చెప్పే మేస్త్రిని నమ్మకండి.

ఒప్పందాన్ని కాగితం మీద పెట్టండి

మంచి సంబంధాలున్న చోట కాగితం అడగడం మర్యాద కాదని కొందరు మొహమాటపడతారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వేరు. ఈరోజు మాట్లాడుకునేది మీరూ పక్కింటి అన్నా అయినా, రేపు ఆ గోడతో బతకబోయేది మీ పిల్లలూ వారి పిల్లలూ. అందువల్ల స్టాంపు కాగితం మీద తెలుగులోనే, ఇద్దరికీ అర్థమయ్యే మాటల్లో ముచ్చలిక, అంటే ఒప్పంద పత్రం, రాసుకోండి. గోడ పొడవు, ఎత్తు, మందం, ఇప్పుడున్న లోపాలు, చేయబోయే పని, పని మొదలయ్యే తేదీ, ముగించవలసిన గడువు, రోజులో ఏ వేళ నుంచి ఏ వేళ వరకు సుత్తి పని జరగవచ్చు, పనివాళ్లు పక్కింట్లోకి ఎప్పుడు, ఎవరు ఉండగా రావచ్చు, వారి వైపు దెబ్బతిన్న పూత, రంగు, అలమరలు ఎవరి ఖర్చుతో బాగుచేస్తారు, ఖర్చు ఎవరెంత భరిస్తారు అన్నవి అందులో ఉండాలి. ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి.

ఖర్చు పంపకంలో న్యాయమైన పద్ధతి ఇలా ఉంటుంది. వయసు మీరి గోడ పాడైతే చెరి సగం. ఒకరి స్నానాల గదో, సంపో, చెట్టో కారణమైతే ఆ కారణాన్ని తొలగించే ఖర్చు, దానివల్ల జరిగిన నష్టం వారిది. ఒకరు తమ అవసరానికి, అంటే పైఅంతస్తు బరువు కోసం, గోడను బలపరచుకుంటే మొత్తం వారిదే. పక్కింటివారికి ఒక్కసారిగా డబ్బు ఇవ్వడం కష్టమైతే వాయిదాలు కూడా ముచ్చలికలోనే రాసుకోవచ్చు.

మరమ్మతు వరకు ఈ కాగితం చాలు. అయితే గోడలో తమకున్న వాటాను ఒకరు వదులుకుంటున్నా, రెండోవారికి అమ్ముతున్నా, అది స్థిరాస్తి హక్కు బదిలీ కిందికి వస్తుంది. 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి హక్కుల బదిలీని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. నోటరీ ముద్రతో సరిపెట్టుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు.

మాటలతో తెగని చోట పోలీసు స్టేషను కంటే న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించడం మేలు. అక్కడ పెట్టుకునే అర్జీని లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి పరిష్కరిస్తారు, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కూల్చివేత జరగబోతోందన్న భయం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా న్యాయవాది ద్వారా కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు కోరవలసిందే.

కాలాన్నీ, మేస్త్రినీ ఎంచుకోవడం

మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులే ఏరులైన రోజులు మనలో ఎవరమూ మరచిపోలేదు; ఆ కాలంలో విప్పిన గోడ ఇంటికే ముప్పు. సంక్రాంతి దాటిన తర్వాత మొదలుపెట్టి మార్చి నెలాఖరుకు ముగించేలా చూసుకోండి. పక్కింట్లో పదో తరగతి పిల్లలుంటే పరీక్షల రోజుల్లో సుత్తి మోగకుండా పనుల వరస మార్చండి. ఏప్రిల్ దాటితే ఎండకు మాలు, అంటే సిమెంటుతోనో సున్నంతోనో ఇసుక కలిపిన ముద్ద, త్వరగా ఆరిపోయి పట్టు రాదు, మే నెలలో గంగమ్మ జాతరకు ప్రతి ఇంటికీ బంధువులు వస్తారు.

ఈ పనికి గుత్తకు ఇవ్వకుండా రోజు కూలి లెక్కన చేయించమని నేను గట్టిగా చెబుతాను. గుత్త మేస్త్రికి తొందర లాభం. ఉమ్మడి గోడకు నిదానమే క్షేమం. సున్నపు పని చేసిన అనుభవమున్న పాత బేల్దారి మేస్త్రి దొరికితే రెండు వందలు ఎక్కువ అడిగినా ఆయన్నే పెట్టుకోండి.

ఊతం పెట్టకుండా ఒక్క రాయి కూడా తీయకండి

పాత మిద్దెల్లో దూలాల చివరలు గోడలోపలికి చొచ్చుకుపోయి ఉంటాయి, ఒక్కోచోట మీ దూలం, వారి దూలం గోడ మధ్యలో ఎదురెదురుగా ఆనుతుంటాయి. అందుచేత ఊతం రెండు ఇళ్లలోనూ పెట్టాలి. మీ వైపు మాత్రమే జాకీలు నిలబెట్టి రాళ్లు తీస్తే పక్కింటి కప్పు గాలిలో వేలాడుతుంది. గోడకు రెండు మూడు అడుగుల దూరంలో, దూలాలకు అడ్డంగా గట్టి చెక్క పెట్టి, దాని కింద మూడు నాలుగు అడుగులకొకటి చొప్పున ఇనుప జాకీలు బిగించండి; సవక కట్టెలైతే నిటారుగా, పగుళ్లు లేనివి ఎంచి, చీలికలతో బిగువు చేయండి. జాకీల కింద కూడా మందమైన పలక వేయాలి, లేకపోతే బరువంతా ఒక బండ మీద పడి అది విరుగుతుంది. కింద సంపు ఉన్న చోట జాకీ పెట్టకండి. దూలం చివర చెద తిన్నదీ కుళ్లినదీ ఉంటే ఇప్పుడే కనబడుతుంది. దాన్ని మార్చేటప్పుడు దూలం నేరుగా కొత్త ఇటుక మీద ఆనకుండా కింద రాతి దిమ్మె గానీ, కాంక్రీటు దిమ్మె గానీ వేయించండి.

సుత్తి మొదలయ్యే ముందురోజు పక్కింటికి మళ్లీ వెళ్లి, గోడకు తగిలించిన దేవుడి పటాలు, గడియారం, టీవీ, అటకమీది ఇత్తడి సామాను దింపించండి, మీరే ఒక చేయి వేయండి. వారి మంచాలు, బీరువాల మీద పట్టాలు కప్పి, తలుపుసందులకు తడిగుడ్డలు పెట్టండి. ఆయాసం ఉన్న పెద్దవాళ్లో, బాలింతరాలో ఆ గదిలో ఉంటే, ఆ వారం రోజులు వారు ఇంకో గదికి మారేలా ముందే మాట్లాడుకోండి. రెండు ఇళ్లలోనూ ఆ గోడకు వెళ్లే కరెంటును ఆపించడం మరవకండి.

విప్పడం, కట్టడం

గోడ పాడైన భాగమంతా ఒకేసారి విప్పడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. మూడడుగుల వెడల్పు ముక్కలుగా గోడను సుద్దతో గుర్తించి, వాటికి అంకెలు వేయండి. మొదట 1, 4 అంకెల ముక్కలు విప్పి కట్టండి. తర్వాత 2, 5. చివరకు 3, 6. పక్కపక్కనున్న రెండు ముక్కలు ఎప్పుడూ ఒకేసారి తెరిచి ఉండకూడదు, కొత్తగా కట్టిన ముక్కకు కనీసం మూడు రోజులు గడిచాక గానీ దాని పక్క ముక్కను తాకకూడదు. పెద్ద యంత్రపు సుత్తి వద్దు. దాని అదురుకు అవతలి గదిలో గార రాలుతుంది. చిన్న సుత్తి, ఉలి, గడ్డపారతో పైనుంచి కిందికి ఒక్కో రాయి తీయించండి. మంచి రాళ్లు, ఇటుకలు పక్కన పేర్పించండి, వాటినే తిరిగి వాడవచ్చు.

కొత్త ఇటుకలను నీళ్లలో బాగా నానబెట్టి, ఉపరితలం ఆరాక వాడాలి. మన దగ్గర దొరికే మామూలు ఇటుకతో 9 అంగుళాల గోడకు చదరపు అడుగుకు సుమారు 9 నుంచి 11 ఇటుకలు పడతాయి. సిమెంటు కట్టుబడికి సిమెంటు, ఇసుక 9 అంగుళాల గోడలో 1:6 పాళ్లలో, నాలుగున్నర అంగుళాల గోడలో 1:4 పాళ్లలో కలపడం వాడుక. పాత గోడ సున్నంతో కట్టినదైతే అంత గట్టి సిమెంటు మాలు దానికి పనికిరాదు. గట్టి అతుకు కదలక, చుట్టూ ఉన్న మెత్తని పాత గోడ పగులుతుంది. అటువంటి చోట సున్నం, ఇసుక 1:3 పాళ్లలో గానీ, సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్లలో గానీ కలిపించండి. ప్రతి ముక్క అంచున పళ్లు వదిలి, పక్క ముక్క కట్టేటప్పుడు వాటిలో కొత్త వరసలు దూర్చి కట్టాలి. రోజుకు ఐదడుగుల ఎత్తుకు మించి కట్టనివ్వకండి.

కొత్త కట్టుబడి పైవరసకూ, పాత గోడకూ మధ్య ఒక అంగుళం సందు వదిలించండి. మాలు ఆరేకొద్దీ కొద్దిగా కుంగుతుంది కాబట్టి, రెండు రోజుల తర్వాత ఆ సందును పొడిపొడిగా కలిపిన మాలుతో, సన్నని రాతి పలుకులతో గట్టిగా దట్టించాలి. ఈ చిన్న పని వదిలేస్తే జాకీలు తీసిన రోజే పైగోడ ఆ సందులోకి దిగి పగులుతుంది. కట్టిన చోటికి కనీసం 7 రోజులు, ఎండ ముదిరితే 10 రోజులు రోజుకు మూడుసార్లు నీళ్లు పట్టాలి. ఆ తర్వాత జాకీలను ఒక్కరోజులో లాగేయకుండా, రోజుకు కొంచెం చొప్పున వదులు చేయండి.

నేల నెమ్ము ఎక్కే గోడకు ఈ ముక్కల పద్ధతిలోనే అడుగున అడ్డుపొర వేసుకోవచ్చు. ప్రతి ముక్క అడుగు వరసలో వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటును ఒకటిన్నర అంగుళాల మందాన పరిచి, ఒక ముక్క పొర మరో ముక్క పొరతో కలిసేలా చూడండి. ఆ పొర గోడ మందమంతా, అంటే పక్కింటి గార వరకు పోవాలి. సగం మందానికే వేస్తే, లేదా మీ వైపు మాత్రమే నీరు పట్టని రంగు పూస్తే, నేలలోని తడి ఆగదు. అది దారి మళ్లి పక్కింటి గోడ మీద ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. మన గోడ ఆరిందని మనం సంతోషపడే రోజునే వారి బీరువా వెనుక బూజు మొదలవుతుంది.

పొట్ట పెట్టిన రాతిగోడను మొత్తం విప్పకుండా కాపాడే మార్గం కూడా ఉంది. డొల్లగా ఉన్న చోట రంధ్రాలు చేసి, లోపలి దుమ్మును నీటితో కడిగి, కింది రంధ్రం నుంచి మొదలుపెట్టి పలుచని సున్నపు మాలును మెల్లగా పోయాలి. పై రంధ్రం నుంచి అది బయటికి వచ్చాక పైకి జరగాలి. ఒక రోజుకు రెండడుగుల ఎత్తు కంటే ఎక్కువ పోస్తే తడి మాలు బరువుకే గోడ ఇంకా ఉబ్బుతుంది. మూడు నాలుగు అడుగులకొకటి గోడ మందమంతా పట్టే పొడుగు రాయిని దూర్చి రెండు పొరలనూ కలిపించాలి. ఆ రాయి చివర పక్కింటి గదిలోనూ కనిపిస్తుంది కాబట్టి వారికి ముందే చెప్పండి.

పూత

మట్టి, సున్నపు గోడ మీద సిమెంటు పూత వద్దు. అటువంటి గోడ తనలోని తడిని రెండు ముఖాల గుండా గాలిలోకి వదులుతూ బతుకుతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తే తడి లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, పూతను పలకలు పలకలుగా తోసేస్తుంది. సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టిన ఇసుకతో 1:3 పాళ్లలో కలిపి, రెండు పొరలుగా పూయించండి, మొదటి పొర గట్టిపడటానికి వారం పది రోజులు ఇవ్వండి. మన పెద్దలు డంగు సున్నంలో కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపేవారు. ఆ పని తెలిసిన మేస్త్రి దొరికితే చేయించుకోవడం తప్పేమీ కాదు. పైన పుట్టీ, ప్లాస్టిక్ రంగు కాకుండా సున్నమే కొట్టించండి.

సిమెంటుతో కట్టిన ఇటుక గోడకు, పాత గార తీసిన తర్వాత ఇటుకల నడుమ అతుకులను అర అంగుళం లోతు గీరించి, తడిపి, 12 మిల్లీమీటర్ల మందాన పూత వేయించండి. 1:4 పాళ్లలో అయితే 100 చదరపు అడుగులకు సుమారు ఒక బస్తా సిమెంటు పడుతుంది. పాత గోడ, కొత్త కట్టుబడి కలిసే చోట అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు వచ్చేలా కోళ్ల జాలి కొట్టించి, దాని మీద పూయించండి. ఇసుక మంచిదో కాదో గాజు గ్లాసులో తెలుసుకోవచ్చు: సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి, కలియబెట్టి మూడు గంటలు ఉంచితే పైన ఒండ్రు తేరుకుంటుంది. ఆ ఒండ్రు, ఇసుక మందంలో 8 శాతం కంటే ఎక్కువుంటే ఆ ఇసుకను కడగనిదే వాడకండి.

వైర్లు, గొట్టాల కోసం గోడను కోయవలసి వస్తే, నిలువు కోత గోడ మందంలో మూడో వంతుకు, అడ్డకోత ఆరో వంతుకు మించకూడదు. నాలుగున్నర అంగుళాల ఉమ్మడి గోడను అసలు కోయకండి, పైన పట్టీలు వేసి వైరు నడిపించండి. మీ స్విచ్చు పెట్టె, వారి స్విచ్చు పెట్టె వీపుకు వీపు ఆనేలా పెట్టించకండి. అక్కడ గోడ మిగలదు, ఒకరి మాటలు ఇంకొకరికి వినిపిస్తాయి.

మిద్దె మీది పని

రెండు మిద్దెలు కలిసే చోట పిట్టగోడల నడుమ ఆకులు, మట్టి పేరుకుని నీరు నిలుస్తుంది. కింద ఎంత పని చేసినా ఇది బాగుపడకపోతే ఫలితం ఉండదు. ఆ సందును శుభ్రం చేసి, నీరు ఒకవైపుకు జారేలా వాలు పెట్టి, గోడ తల మీద కడప బండలు పరిపించండి. బండ అంచు గోడకు రెండంగుళాలు బయటికి వచ్చి, దాని కింది ముఖాన సన్నని గాడి ఉంటే నీరు గోడను తాకకుండా కింద పడుతుంది. మీ మిద్దె నీరు మీ గొట్టం గుండానే మీ వైపు దిగాలి.

గోడ సందులో రావి మొక్క మొలిస్తే దాన్ని తీయడానికి చాలామంది సంకోచిస్తారు. పైన కొమ్మ తుంచితే వేరు ఇంకా లావెక్కి గోడను చీలుస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే, చుట్టూ రెండు రాళ్లు వదులు చేసి, వేరుతో సహా తీసి, గుడి ఆవరణలోనో చెరువుగట్టునో నాటించండి.

పని ముగిశాక పక్కింటి వైపు పూతను, రంగును మీ గదికంటే ముందు పూర్తి చేయించండి. వారి పటాలు, అలమర యథాస్థానంలో బిగించి, ముచ్చలికలో రాసుకున్న లెక్క ఇద్దరూ చూసి సంతకం చేయండి. ఆ తర్వాత వచ్చే నవంబరులో మొదటి పెద్ద వాన వెలిసిన మరునాడు, పాత ఫోటోలు ఫోనులో పెట్టుకుని, మీ గదిలో ఒకసారి, పక్కింటి గదిలో ఒకసారి అదే గోడను అడుగు నుంచి పైవరకు మళ్లీ చూడండి.